సర్దారు తట్టిన కుండలు

బెల్లంపల్లి, 27 ఫిబ్రవరి 1961, సోమవారం

ఈ పొద్దున మా పెరట్లోకి వచ్చిన వాళ్లు: పిచ్చుకలు గుంపులు గుంపులుగా, గోరువంకల జంట, తోక కింద ఎర్రగా ఉండే పిగిలిపిట్ట, మునగపూలకు తలకిందులుగా వేలాడే తేనెపిట్ట, రెండు ఉడుతలు. ఒక ముంగిస కూడా వచ్చింది. ఈ జాగా నాదో తనదో తేల్చుకుందామన్నట్టు నన్ను కాసేపు చూసి గోరింట కంచెలోకి పోయింది. మేనేజరు బంగ్లాకు అంత తోట ఉంది, తోటమాలి ఉన్నాడు. ఏం లాభం? అక్కడ కాకులు తప్ప ఏవీ వాలవు. నాకున్నది కంపెనీ క్వార్టరు, దాని వెనక నాలుగు మంచాలు పట్టే జాగా, ఒక మునగచెట్టు. అయినా ఏ పిట్టయినా ముందు నా దగ్గర హాజరు వేయించుకున్నాకే ఊళ్లోకి పోతుంది.

ఉగాది వెళ్లేదాకా బొగ్గుబాయిలోకి దిగొద్దని డాక్టరు అన్నాడు. పేలాల్సినప్పుడు పేలని తూటా మందు నేను దగ్గరికి పోయాక పేలింది. చెవుల్లోంచి కాస్త రక్తం వచ్చింది, అంతే. ఎండాకాలం పిల్లల ముక్కుల్లోంచి కారేది దీనికంటే ఎక్కువ. ఊరికే కూర్చుంటే నాకు తోచదు, అందుకే ఈ రాత. నా భార్య సక్కుబాయికి చదువు రాదు. కనుక ఇది నాకు తప్ప ఎవరికీ కాదు.

28 ఫిబ్రవరి

గోరువంకలు మూడు జంటలు. ఈ ఏడు పిట్టలు ఎందుకో మెల్లగా పలుకుతున్నాయి.

కాముని పున్నమి

పొద్దున్నే సక్కుబాయి కళ్లు నులుముకుంటూ పెరట్లోకి వచ్చింది.

"గా కోయిలను ఎళ్లగొట్టరాదూ? తెల్లారకముందుకెల్లి ఒకటే కూత. కన్ను మూయనిస్తలేదు."

"ఈ యేడు కోయిల ఇంక రాలే," అన్నాను.

ఆమె నన్ను చూసింది. వెనక క్వార్టర్ల లైన్లోని వేపచెట్టును చూసింది. పొయ్యి దగ్గరికి పోయింది.

నేను లేచి వేపచెట్టు కిందికి పోయాను. వచ్చింది, నిజమే. నిగనిగలాడే నల్లటి పోతు కోయిల, కొత్త చిగురు నడుమ కూర్చుని ఎర్రటి కన్ను తిప్పుతోంది. గొంతు ఉబ్బించి నోరు తెరిచింది, మూసింది. మళ్లీ తెరిచింది, మూసింది. కూత మాత్రం లేదు. ఇంత బద్ధకపు కోయిలను నేనెక్కడా చూడలేదు. గాలి కూడా నా వీపు వైపు నుంచి కొడుతోంది.

చెవుల్లోని దూది తీసి పారేశాను. దూది ఉంటే ఎవరికైనా ఏం వినబడుతుంది? ఎడమ చెవి కొంచెం బరువుగా ఉంది. కుడిది మంచిదే.

6 మార్చి

ఎల్లేశం చూడ్డానికి వచ్చాడు. పక్కింటి పోచవ్వ కొడుకు. బాయిలో నా జాగాలో బొగ్గు కొట్టే ఇరవై మందికి పెద్ద. వాకిట్లో కూర్చున్నాం.

"అన్నా, జల్ది రా. నీ జాగల ఇంకొక సర్దారును ఏసిండ్రు. మంచోడే, తప్పు పట్టెటందుకు లేదు. గని మాకు నమ్మకం కుదురుతలేదు. పైకి సూస్కుంట పని జేస్తున్నం. అందరికి మెడలు పట్టుకపోయినయి."

ఈ మాట మూడుసార్లు చెప్పించుకున్నాను. సగం నిజంగా వినడానికి, సగం బాగుండడం వల్ల.

నెత్తిమీది బండను కర్రతో తట్టి వినడం నా పని. గట్టి బండ ఖంగుమంటుంది. వెనక వదులైతే బొంగురుగా పలుకుతుంది. ఆ రెండింటికీ నడుమ ఇంకా చాలా పలుకులున్నాయి, అవి అందరి చెవులకూ అందవు. బండ మంచిదైతే దాని మీద సుద్దతో సున్న చుట్టి, లోపల నా పేరు మొదటి అక్షరం 'ప' రాస్తాను. తర్వాత ఆ గుర్తు కింద ముందు నేనే కూర్చుంటాను. ఒక చిటికెడు తంబాకు నమిలేంతసేపు. నేను లేచాకే మిగతావాళ్లు లోపలికి వస్తారు. పాత సర్దార్లు పెట్టిన పద్ధతి ఇది, ఇప్పుడు చాలామంది మానేశారు. పర్శరాములు మానలేదు. నా గుర్తు కింద పన్నెండేళ్లలో ఒక్కడికీ గోరు ఊడలేదు. మెట్‌పల్లిలో బాపు మగ్గం నేస్తుంటే, పోగు తెగిందని వాకిట్లో ఆడుకుంటూ అరిచి చెప్పేవాడిని. పుట్టుకతో వచ్చిన చెవి ఇది. నన్ను చెవుల సర్దారంటారు. నవ్వుతూనే అంటారు, కానీ ఇంకెవరినీ అనరు.

ఎల్లేశం సాసరులో చాయ పోసుకుని, దాన్ని మూతికి అడ్డం పెట్టుకుని ఇంకేదో చెప్పాడు. నేను నవ్వాను. అతను నవ్వలేదు. ఎవరైనా పోయిన కబురేమో.

8 మార్చి

సక్కుబాయిలో మార్పు వచ్చింది. ఇదివరకు వంటింట్లోంచే కేకలేసేది. ఇప్పుడు ఏం చెప్పాలన్నా చేతిలో పని వదిలి వచ్చి, నా ఎదురుగా నిలబడి, మొహంలోకి చూస్తూ నిదానంగా చెబుతోంది. పెళ్లయిన ఇన్నేళ్లకు మొగుడంటే గౌరవం కుదిరింది. దెబ్బ తగలడం కూడా ఒక్కోసారి మంచిదే.

9 మార్చి

తేనెపిట్ట బట్టల తీగ చివర గూడు కడుతోంది. సాలెగూడు, ఎండుగడ్డి, సక్కుబాయి కుట్టుదారం ముక్కలు. లోపల మెత్తగా పరవడానికి ఏం దొరికిందా అనుకున్నాను, చూద్దునుకదా, నేను పారేసిన చెవి దూది! బంగ్లాలో ఏ తేనెపిట్టకైనా సర్దారు చెవి దూది పరుపు ఉందా?

12 మార్చి, ఆదివారం

అంగడికి పోయాము. ఉగాదికి కొత్తకుండ కావాలి. మా లైన్లో ఆడవాళ్లు నేను తట్టనిదే కుండ కొనరు. ఏటేటా ఇదొక వేడుక. నేను ముందు నడుస్తాను, వాళ్లు వెనక వస్తారు.

"గీసారి కాలంగాని వాన ఆవం మీద గొట్టింది," అన్నాడు కుమ్మరి సిద్దిరాములు నా మొహంలోకి చూసి. "సగానికి నెర్రెలువట్టినయి. దాపెట్టుడెందుకు, సూస్కొని తీస్కోండ్రి."

"మాకేం ఫికర్, మా సర్దారున్నడు," అంది పోచవ్వ.

ఒక్కో కుండనూ ఎడమచేతి మీద నిలిపి, కుడిచేతి కణుపులతో తట్టాను. తట్టిన దెబ్బ చేతికి తెలుస్తూనే ఉంది. మంచివాటిని ఇటు పెట్టాను, పనికిరానివి అటు. మంచివాటి మీద నా పద్ధతిలో సుద్దతో సున్న చుట్టి 'ప' రాశాను. సిద్దిరాములు నోరు తెరిచి ఏదో అనబోయాడు, సక్కుబాయి వైపు చూసి మూసుకున్నాడు. ఇంత తొందరగా తేల్చేవాడిని అతను చూసి ఉండడు. పోచవ్వ ఒక కుండను చేతుల్లోకి తీసుకుంది.

"అది పెట్టు, పెద్దవ్వా. అది పల్గింది."

ఆమె కూడా సక్కుబాయిని చూసింది. కుండను మెల్లగా కింద పెట్టింది.

అందరూ నా గుర్తున్న కుండలే నెత్తిన పెట్టుకుని వచ్చారు. వరుసగా నడుస్తుంటే పెళ్లికి ఐరేని కుండలు తెస్తున్నట్టుంది. ముందు నేను.

ఉగాది

పచ్చడి బాగుంది. కొత్తకుండ చెమరుస్తోంది. కొత్తకుండ రెండు రోజులు చెమరుస్తుంది, అది ఎవరినడిగినా చెబుతారు. సక్కుబాయి కింద గిన్నె పెట్టింది. ఆమెకు అన్నింటికీ తొందరే.

19 మార్చి

సక్కుబాయి కుండను మునగచెట్టు కింద పెట్టి పొద్దున్నే నీళ్లు నింపుతోంది. పిట్టలకట. నేను చెప్పకుండానే ఆమెకు తోచింది. అంతకంటే గొప్ప, పోచవ్వ పెరట్లోనూ ఒక కుండ కనిపిస్తోంది. ఆ అవతల నాగవ్వ పెరట్లోనూ. నన్ను చూసి లైనంతా పిట్టలకు నీళ్లు పెట్టడం నేర్చుకుంది! దెబ్బ తగిలి మూలన కూర్చున్న మనిషి ఇంకేం చేయగలడు చెప్పండి? ఇంతకుముందు రాని పావురాలు కూడా వస్తున్నాయి. నిన్న ఒక పసుపుపచ్చ పిట్ట వచ్చింది, పేరు తెలియదు. కళ్లకు కాటుక పెట్టుకున్న పిట్ట.

20 మార్చి

డాక్టరు దగ్గరికి పోయాను. తల వంచుకుని రాస్తూ ఏదో అడిగాడు. "మంచిగున్నది సారూ," అన్నాను. తలెత్తి చూసి మళ్లీ అడిగాడు. పెదవులు కనబడ్డాయి. "నొప్పి లేదు సారూ, అంత మంచిగ ఇనవడుతుంది," అన్నాను. రాసిచ్చాడు. ఎల్లుండి నుంచి డ్యూటీ. గెలిచాను.

బయట కంపౌండరు నా పేరు పిలిచాడట. సక్కుబాయి మోచెయ్యి తాకితే లేచాను. ఆస్పత్రిలో గోల ఎక్కువ.

21 మార్చి

రేపు డ్యూటీ అనే ఉత్సాహంతో వెలుగు రాకముందే పెరట్లో కూర్చున్నాను.

సక్కుబాయి కుండ నింపి పోయాక ముందు పిగిలిపిట్ట వచ్చింది. తర్వాత గోరువంకలు, వాటి వెనక పిచ్చుకలు. కుండ అంచు మీద ఒక్కటీ వాలలేదు. అన్నీ కుండ కిందే, తడిమట్టిలో ముసురుకుని ముక్కులు పొడుస్తున్నాయి. పైన నిండా నీళ్లుండగా కింద బురద తాగడమేమిటి? పిచ్చి పిట్టలు అనుకున్నాను. కాకి కూడా కిందికే పోయింది. కాకిని పిచ్చిదని ఎవరూ అనలేరు.

అప్పుడు తేనెపిట్ట వచ్చింది. కుండ పొట్ట దగ్గర, కాలు ఆనేందుకు చోటులేని చోట, రెక్కలు కొట్టుకుంటూ గాల్లో నిలిచింది. వంకర ముక్కును కుండకు ఆనించి తీసింది. కొంచెం కిందికి జరిగి మళ్లీ ఆనించింది. మళ్లీ కొంచెం కిందికి. ఒకే దారి పట్టుకుని, పైనుంచి కిందికి, చుక్క తర్వాత చుక్క తాగుతోంది.

లేచి వెళ్లాను. పిట్టలు లేచిపోయాయి. కుండ మెడ నుంచి అడుగు దాకా వెంట్రుక మందాన నెర్రె. అది సరిగ్గా నా సున్నను చీల్చుకుని, 'ప' మీదుగా పోయింది. దాని పొడవునా నీళ్లు ముత్యాల్లా నిలిచి ఉన్నాయి.

కొత్తకుండ చెమరిస్తే ఒళ్లంతా చెమరుస్తుంది. గీత గీసినట్టు చెమరించదు. ఇది నాకు ఉగాది నాడే తెలుసు.

కంచెల వెంట నడిచాను. పోచవ్వ పెరట్లో కుండ, సున్నలో ప. కింద తడి, తడిలో పిచ్చుకలు. నాగవ్వ పెరట్లో కుండ, సున్నలో ప. కింద పావురాలు. ఆ తర్వాతి ఇల్లు, దాని తర్వాతి ఇల్లు. ప, ప, ప. లైను చివరిదాకా నా పేరు కారుతోంది. నన్ను చూసి పిట్టలకు నీళ్లు పెట్టారనుకున్నాను! వంటింట్లో పనికిరాని కుండలను, నా మొహాన పగలగొట్టలేక, పిట్టలకిచ్చారు. ఇంటింటా ఒక్కరంటే ఒక్కరు నోరు విప్పలేదు.

తిరిగి వస్తుంటే పోచవ్వ వెనక తలుపు తీసే ఉంది. లోపల పీట మీద ఒక కుండ. సుద్ద గీత లేదు. ఒక్క చుక్క తడి లేదు. అంగట్లో నేను పక్కన పెట్టించిన కుండ అది, మూతి దగ్గరి నల్లటి మచ్చను బట్టి పోల్చుకున్నాను. మళ్లీ వెళ్లి తెచ్చుకుంది.

ఆమె బయటికి వచ్చి నన్ను చూసింది. నేనేం చూస్తున్నానో చూసింది. దగ్గరికి వచ్చి ఎదురుగా నిలబడింది.

"కుండ పోతే కుండ బిడ్డా. ఇంకోటి తెచ్చుకుంటం."

నా కళ్లు ఆమె పెదవుల మీదే ఉన్నాయి.

"రేపు డ్యూటీ ఎక్కుతున్నవట గద," అంది. "మా ఎల్లేశం సంబురపడుతుండు."

అంతే అంది. లోపలికి పోయింది. తిట్టినా బాగుండేది.

వేపచెట్టు కిందికి పోయాను. కోయిల ఉంది, గొంతు ఉబ్బుతోంది. కళ్లు మూసుకున్నాను. ఏమీ లేదు. కుడి చెవి చెట్టు వైపు తిప్పాను. ఏమీ లేదు. కళ్లు తెరిస్తే కొమ్మకొమ్మకూ పిట్టలు, అన్నింటి నోళ్లూ తెరిచి ఉన్నాయి. ఏడ్చాను. ఏడుపూ వినబడలేదు.

సాయంత్రం దాకా పిచ్చి ఆలోచనలు. చెవి పోతేనేం, చేతికి దెబ్బ తెలుస్తుంది కదా అనుకున్నాను. కుండలనూ చేత్తో పట్టుకునే కదా తట్టాను. మా జాగాలో బండ ఎప్పుడూ మంచిదే అనుకున్నాను. సిద్దిరాములు కుండలూ ఏటేటా మంచివే, ఈ ఏడు తప్ప. ముందు నేనే కదా కింద కూర్చునేది, పోతే నేనే పోతాను అనుకున్నాను. కానీ బండ నా తంబాకు లెక్క చూసుకుని పడదు. నేను లేచి వచ్చాక పడొచ్చు. ఎల్లేశం కూర్చున్నాక పడొచ్చు. పైకి చూడకుండా, మెడ నొప్పి లేకుండా, నా గుర్తును నమ్ముకుని నిశ్చింతగా కూర్చున్నాక.

కానీ చెవి లేని పర్శరాములు ఎవడు? బాయిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే గదిలో కూర్చోబెడతారు. ముసలివాళ్లను, కాలు విరిగినవాళ్లను కూర్చోబెట్టే చోట.

సక్కుబాయి అన్నం పెట్టింది. రేపటికి బట్టలు ఉతికి ఆరేసి ఉన్నాయి. ఆమె ఒక్క మాటా అడగలేదు. నేనూ చెప్పలేదు.

22 మార్చి, బుధవారం

కర్ర పట్టుకుని, జేబులో సుద్ద వేసుకుని పోయాను. ఏం చేస్తానో నాకే తెలియదు. దారిలో ఉండగా కూడా తెలియదు. ఇది నిజం.

బాయి మూతి దగ్గర నా ఇరవై మంది నిలబడి ఉన్నారు. నన్ను చూసి ఒకడు చేతులు కూడా చరిచాడు. ఎల్లేశం వచ్చి భుజం మీద చెయ్యేశాడు. ఒక్కొక్కరూ ఏదేదో అంటున్నారు, నేను నవ్వుతూ ఒక్కొక్కరి మూతీ చూస్తున్నాను. ఉన్నట్టుండి మూతులన్నీ ఆగిపోయాయి. అందరూ గేటు వైపు చూస్తున్నారు.

గేటు దగ్గర సక్కుబాయి నిలబడి ఉంది.

ఆడవాళ్లు బాయి గేటుకు రారు. లోపల ఎవరైనా చచ్చి, సైరన్ కూసిన రోజునే వస్తారు. ఏమీ కాని రోజున, పొద్దున్నే, ఒంటరిగా ఒక ఆడమనిషి అక్కడ నిలబడడం ఎవరూ చూసి ఉండరు. వాళ్లలో ఒకడి మొహం పాలిపోయింది. ఆమె ఎవరినీ చూడడం లేదు. నన్నే చూస్తోంది. కొంగు బిగించి కట్టుకుని, పెదవులు గట్టిగా మూసుకుని.

అప్పుడు అన్నాను. ఎంత గట్టిగా అన్నానో తెలియదు. దీపాల గదిలోవాళ్లు తలలు బయటపెట్టి చూశారు కనుక గట్టిగానే అని ఉంటాను.

"అందరు ఇనుండ్రి. నా చెవులు పోయినయి. ఒకటి గాదు, రెండూ పోయినయి. డాక్టరు కాడ అబద్ధమాడి వచ్చిన. నేను తట్టిన కుండలు ఇంటింట కారుతున్నయి, మీ ఇండ్లళ్ల అడుగుండ్రి. నేను తట్టిన బండ కింద ఎవలు కూసోవద్దు. గిది నేనే చెప్తున్న, సర్దారు పర్శరాములు చెప్తున్నడు. ఇన్నేండ్లు నా మాట ఇన్నరు గద, గిదొక్కటి గూడ ఇనుండ్రి."

నేను కర్రను ఎల్లేశం చేతికిచ్చాను. అతను దాన్ని పక్కవాడికి ఇచ్చేసి, నా ఎదురుగా వచ్చి, నా మొహానికి దగ్గరగా మొహం పెట్టాడు. సక్కుబాయి నిలబడినట్టే నిలబడ్డాడు.

"పన్నెండేండ్లు, అన్నా," అన్నాడు. "రోజు ఇంటికి పోయినం."

ఇంకా ఏదో అనబోయాడు గానీ పెదవులు వణికాయి. వణికే పెదవులను చదవడం నాకింకా రాదు.

మేనేజరు ముందు నిలబడ్డాను. తిట్టాడు, ఎంత తిట్టాడో పూర్తిగా అందలేదు, అదొక లాభం. చివరికి దీపాల గదికి రాశాడు. సరే. దీపాలే ఇస్తాను. ఇంతవరకు అక్కడున్నవాళ్లు తుడిచిన గాజులు నాకు ఎప్పుడూ నచ్చలేదు. నేను తుడిస్తే ఎలా ఉంటాయో వచ్చే వారం అందరూ చూస్తారు.

నేను ఇల్లు చేరేసరికి సక్కుబాయి పెరట్లో పొయ్యి ముందు ఉంది. పోయి ఎదురుగా కూర్చున్నాను.

"బాయి కాడికెందుకొచ్చినవు?"

రొట్టె తీసి పక్కన పెట్టింది. చేతులు దులుపుకుంది. నా మొహంలోకి చూస్తూ చెప్పింది.

"నువ్వు చెప్పకపోతె నేను చెప్పుదామని."

"గంతమందిల నన్ను తక్కువ జేసెదానివా?"

"జేసెదాన్ని. ఇరవై మంది పెండ్లాల ఉసురు కొంగున గట్టుకొని నీ పక్కన పండలేను." కళ్లు తుడుచుకుంది. "గని గేటు కాడ నిలవడ్డంతసేపు మొక్కుకుంటనే ఉన్న. నా మొగడే ముందు నోరు తెరవాలె, నాకంటె ముందు తెరవాలె అని. నోరు నొప్పివెట్టెటట్టు బిగవట్టుకున్న. నువ్వే తెరిచినవు."

కోయిల నాడే ఆమెకు తెలిసిందట. అప్పటి నుంచి లైన్లో ఇంటింటికీ పోయి, ఆయనే చెప్తాడు, జర ఓపిక పట్టండి అని బతిమాలింది. నా పరువును నా చేతిలోనే ఉంచింది. నిలబెట్టుకుంటానో పారేసుకుంటానో చూస్తూ కూర్చుంది. ఇంత పెద్ద మనసు మేనేజరు బంగ్లాలో లేదు, ఏ బంగ్లాలోనూ లేదు. నా చెవుల గురించి నేను పడ్డ గర్వమంతా ఈ మనిషి ముందు చిల్లర. నా భార్య అంటే నాకు ఇంత గర్వం ఎన్నడూ కలగలేదు. ఈ పొద్దున నా మీద నాకూ కలిగింది, కలగలేదని ఎందుకనాలి? కానీ ఆమె మీద కలిగిందే ఎక్కువ.

ఆ మాట ఆమెకు చెప్పాను. భార్యాభర్తల మాట కనుక చాలా మెల్లగా, దగ్గరికి వంగి చెప్పాననే అనుకున్నాను. ఆమె రెండు చేతులతో నా నోరు మూసింది. కంచె అవతల పోచవ్వ చేటలో బియ్యం వదిలేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతూ నవ్వుతోంది. ఆమె వెనక నాగవ్వ, ఆ వెనక పెరట్లో ఇంకెవరో.

"సాలు తియ్యి," అంటోంది సక్కుబాయి, ఎర్రబడిన మొహంతో, ఒక్కో మాట నాకు అందేట్టుగా. "లైనంత ఇన్నరు."